గొంతుకూ అచ్చుకూ మధ్య: మార్షల్ మెక్లూహన్

ఈసారి గోడపత్రికకు ఒక పేరున్న మనిషి జీవితం రాయాలని మేడమ్ చెప్పగానే క్లాసులో గురజాడ, కందుకూరి, సావిత్రి అందరూ క్షణంలో అయిపోయారు. నాకు మిగిలింది ఎవరూ అడగని పేరు. కెనడాలో పుట్టి కెనడాలోనే పోయిన ఒక ఇంగ్లీషు మాస్టారు, మార్షల్ మెక్లూహన్. పోయిన సెమిస్టర్‌లో మీడియా పేపర్ తీసుకున్నవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. గ్లోబల్ విలేజ్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది ఎవరు అని రెండు మార్కుల ప్రశ్న. నేనూ పేరు రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాను. ఆయన జీవితం చదివింది మాత్రం పరీక్ష అయిపోయాకే.

చదివాక ఎందుకు వదల్లేకపోయానో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అమ్మది తమిళం, నాన్నది తెలుగు. నాన్నవాళ్లది కోవిల్‌పట్టి పక్కన ఒక పల్లె. తాత పోయాక అవ్వ మాతోనే ఉంటోంది. అవ్వకు తెలుగంటే నోటితో అనేది, చెవితో వినేది, అంతే. అక్షరమంటే తమిళ అక్షరమే. మా ఇంట్లో తెలుగు అక్షరాలు మొదట నేర్చుకున్నది నేను, అదీ ఈ కాలేజీలో చేరాకే. పోయిన పొంగల్ సెలవుల్లో, మావాళ్లు పూర్వం ఏరు దాటి దక్షిణానికి వచ్చిన కథను అవ్వ చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తప్పులన్నీ దిద్ది, శుభ్రంగా తిరగరాసి, మర్నాడు ఆమెకే చదివి వినిపించాను. అవ్వ చివరిదాకా విని, కథ బాగుందే, ఎవరు రాశారు అని అడిగింది.

నాకు నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. ఒక్క సంగతి కూడా మార్చలేదు కదా, మరి తన కథ తనకే ఎందుకు తెలియలేదు? ఇదే ప్రశ్నను పట్టుకుని మెక్లూహన్ దాదాపు ముప్ఫై ఏళ్లు తిరిగారు.

ఆయన 1911 జులై 21న కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి హెర్బర్ట్ ఇళ్లు, స్థలాల వ్యాపారం చేసేవారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి వ్యాపారం దెబ్బతినడంతో ఆయన సైన్యంలో చేరారు. బయటికి వచ్చాక కుటుంబం విన్నిపెగ్ నగరానికి మారింది, ఆయన ఇన్సూరెన్స్ పనిలోకి దిగారు. నెమ్మదస్తుడు, కబుర్ల మనిషి. ఇంట్లో గట్టి మనిషి తల్లి ఎల్సీ. ఆవిడ గొంతుతో బతికిన మనిషి. స్టేజీ మీద ఒక్కతే నిలబడి, కవితలు, నాటకాల్లో ముక్కలు, ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి చదివేవారు. మన హరికథ చెప్పేవాళ్లను తలుచుకుంటే కొంత ఊహకు అందుతుంది, అక్కడ పాట, గజ్జె ఉండవు, అంతే తేడా. ఈ ప్రదర్శనల కోసం ఊరూరా తిరిగేవారు. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి ఇద్దరు మగపిల్లలను ఇంట్లో వదిలి రైళ్లెక్కి తిరగడం చిన్న విషయం కాదు. పెద్దవాడు మార్షల్, చిన్నవాడు మారిస్. అక్షరాన్ని కళ్లతో చూడకముందే దాన్ని గొంతులో విన్న పిల్లవాడు మార్షల్. జీవితచరిత్రలు ఈ విషయాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నా మట్టుకు మిగతా కథంతా ఇక్కడినుంచే మొదలవుతుంది.

మానిటోబా యూనివర్సిటీలో మొదట ఇంజనీరింగ్‌లో చేరి, నచ్చక ఇంగ్లీషు సాహిత్యానికి మారారు. (గ్రూపు మార్చుకున్నందుకు ఇంట్లో తిట్లు తిన్నవాళ్లు ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.) 1933లో బి.ఏ., 1934లో ఎం.ఏ. ఆ ఏడాదే ఇంగ్లండులో కేంబ్రిడ్జికి వెళ్లారు. ఎం.ఏ. చేతిలో ఉన్నా అక్కడ మళ్లీ డిగ్రీ విద్యార్థిగానే చేర్చుకున్నారు. కానీ అక్కడ ఐ.ఎ. రిచర్డ్స్ అనే మాస్టారు దొరికారు. రిచర్డ్స్ తన క్లాసులో కవి పేరు తీసేసి కవితలు చేతికిచ్చి, వాటిని చదివి ఏమనిపించిందో రాయమనేవారు. పేరు లేకపోతే పొగడడానికి ఆధారం ఉండదు. కవిత ఏం చెబుతోందో ఒక్కటే చూస్తే చాలదు, చదివే మనిషి మీద ఎలా పనిచేస్తోందో చూడాలి. ఈ చూపును మెక్లూహన్ తర్వాత కవితల నుంచి తీసి ప్రకటనల మీద, రేడియో మీద, టీవీ మీద పెట్టారు. ఆయన చేసిన పనికి పునాది ఇదే అని నేననుకుంటున్నాను.

1936లో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి చేరారు. వయసు పాతికేళ్లు. ఎదురుగా కూర్చున్న పిల్లలు తనకంటే కొన్నేళ్లే చిన్నవాళ్లు, అయినా వాళ్ల మాట ఆయనకు పట్టుబడలేదు, ఆయన మాట వాళ్లకు పట్టుబడలేదు. మరొకరైతే ఈ కాలం పిల్లలు ఇంతే అని విసుక్కునేవారు. మెక్లూహన్ మాత్రం వాళ్లు చూసేవి తనూ చూడాలని కూర్చున్నారు. సినిమాలు, కామిక్స్, పత్రికల్లో సబ్బుల ప్రకటనలు, అన్నీ. షేక్స్‌పియర్ చెప్పాల్సిన మాస్టారు ప్రకటనల కాగితాలు కత్తిరించి పోగేసుకోవడం చూసి తోటి లెక్చరర్లు ఏమనుకుని ఉంటారో మన ఊహకే వదిలేస్తున్నాను.

1937లో ఆయన కేథలిక్ మతంలోకి మారారు. అదే సంవత్సరం సెయింట్ లూయిస్ యూనివర్సిటీకి వెళ్లారు. 1939లో టెక్సస్ అమ్మాయి కొరిన్ లూయిస్‌ను పెళ్లి చేసుకున్నారు. తర్వాత ఆరుగురు పిల్లలు. సెయింట్ లూయిస్‌లో ఆయన దగ్గర చదివిన వాల్టర్ ఆంగ్ అనే యువకుడు, నోటి మాటతో బతికే సమాజాలకూ రాతతో బతికే సమాజాలకూ తేడా ఏమిటో చెప్పే పుస్తకం 1982లో తెచ్చారు. ఇవాళ జానపద సాహిత్యం చదివేవాళ్లు ఎక్కువగా ఆ పుస్తకాన్నే పట్టుకుంటారు. మెక్లూహన్ సొంత పిహెచ్.డి. మాత్రం థామస్ నాష్ అనే పదహారో శతాబ్దపు రచయిత మీద. నాష్‌ను అర్థం చేసుకోవాలంటే ఆ కాలపు చదువు తెలియాలి, అది తెలియాలంటే దానికి ముందుకాలం తెలియాలి అనుకుంటూ వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు విద్యల చరిత్రను గ్రీకుల కాలం నుంచి తవ్వారు. యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో, 1943లో, కేంబ్రిడ్జికి మళ్లీ వెళ్లకుండానే డిగ్రీ అందుకున్నారు. తర్వాత రెండేళ్లు కెనడాలో విండ్సర్ అనే ఊళ్లో పనిచేసి, 1946లో టొరంటో యూనివర్సిటీలోని సెయింట్ మైకేల్స్ కాలేజీకి వచ్చారు. ఒక్క సంవత్సరం తప్ప చివరిదాకా అక్కడే.

మొదటి పుస్తకం మెకానికల్ బ్రైడ్ 1951లో వచ్చేసరికి ఆయనకు నలభై ఏళ్లు. ఒక్కో ప్రకటన బొమ్మ, దాని మీద ఒక చిన్న వ్యాసం, ఇదీ ఆ పుస్తకం తీరు. మేజోళ్ల ప్రకటనలో ఆడమనిషి కాళ్లను మాత్రం కోసి బల్ల మీద పెట్టినట్టు ఎలా చూపిస్తున్నారో, ఆమెను విడిభాగాలు బిగించిన యంత్రంలా ఎలా చేస్తున్నారో అందులో చూపించారు. మన బస్టాపు ఎదురుగా నగల దుకాణం హోర్డింగులో తల లేకుండా మెడ ఒక్కటే ఉంటుంది, గమనించారా? ఆ పుస్తకం గురించి చదివిన రోజు నుంచి నాకది మెడలా కనిపించడం లేదు. పుస్తకం అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు.

అమ్ముడుపోని ఆ పుస్తకాన్ని తన విద్యార్థులు చదవాల్సిన జాబితాలో పెట్టిన మనిషి ఒకరున్నారు, హెరాల్డ్ ఇన్నిస్. అదే యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం చెప్పేవారు. కెనడా బొచ్చుతోళ్ల వ్యాపారం, చేపల వేట గురించి రాసి పేరు తెచ్చుకున్నవారు. చివరి రోజుల్లో ఆయన దృష్టి రాతి పలకల మీదకు, కాగితం మీదకు మళ్లింది. రాయి మీద చెక్కిన మాట వందల ఏళ్లు నిలుస్తుంది గానీ కదలదు. కాగితం మీది మాట త్వరగా పాడవుతుంది గానీ దేశమంతా తిరుగుతుంది. ఒక రాజ్యం ఎంతకాలం నిలుస్తుంది, ఎంత దూరం పరుచుకుంటుంది అనేది దాని మాటను మోసే వస్తువును బట్టి కూడా ఉంటుందని ఇన్నిస్ ఆలోచన. శాసనాలు, తాళపత్రాలు చదివే మన డిపార్ట్‌మెంటుకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఇన్నిస్ 1952లో పోయారు. మెక్లూహన్ ఆ దారిని అందుకుని, రాజ్యాల సంగతి పక్కన పెట్టి, మనిషి కన్నూ చెవీ ఏమవుతున్నాయని అడిగారు.

1953లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో, ఎడ్మండ్ కార్పెంటర్ అనే మానవశాస్త్రవేత్తతో కలిసి ఒక సెమినార్ నడిపారు. ఎక్స్‌ప్లొరేషన్స్ అనే పత్రిక తెచ్చారు. ఆ రోజుల్లో టొరంటోలో జరిగిన ఒక ప్రయోగం నాకు చాలా నచ్చింది. విద్యార్థులను నాలుగు గుంపులు చేశారు. పాఠం ఒకటే. ఒక గుంపు దాన్ని ఎదురుగా కూర్చుని విన్నది, ఒక గుంపు టీవీలో చూసింది, ఒక గుంపు రేడియోలో విన్నది, ఒక గుంపు కాగితం మీద చదివింది. వెంటనే పరీక్ష పెట్టారు. టీవీవాళ్లు ముందు, వాళ్ల తర్వాత రేడియోవాళ్లు. ఎదురుగా విన్నవాళ్లూ కాగితం చదివినవాళ్లూ వెనకబడ్డారు. ఇంకోసారి ప్రతి సాధనానికీ దాని సత్తా పూర్తిగా వాడుకునేలా పాఠాన్ని తీర్చిదిద్ది మళ్లీ పరీక్షిస్తే, ఎవరూ అనుకోని విధంగా రేడియో టీవీని దాటేసింది. పాఠం ఒక్కటే అయినా వచ్చిన దారి మారితే అందేది మారిపోతోంది. మెక్లూహన్ పేరు చెప్పగానే అందరూ అనే ఆ వాక్యం, అంటే మోసుకొచ్చే సాధనమే అసలు సందేశం అనే అర్థం ఇచ్చేది, గాలిలోంచి ఊడిపడలేదు. ఇలాంటి పనుల మధ్యే రూపు కట్టింది.

1962లో గూటెన్‌బర్గ్ గేలక్సీ వచ్చింది. కెనడాలో పెద్దదైన గవర్నర్ జనరల్ అవార్డు ఆ పుస్తకానికి ఇచ్చారు. అచ్చుయంత్రం వచ్చాక మనిషి ఒంటరిగా, నిశ్శబ్దంగా, వరస తప్పకుండా చదవడం నేర్చాడని, దానితో ఆలోచన కూడా వరసలో నిలబడిందని అందులో వాదించారు. అంతకుముందు మాట నలుగురి మధ్యలో ఉండేది. ఇక్కడ నాకు మా అవ్వ గుర్తొచ్చింది. కథ చెబుతూ మధ్యలో ఆపి, ఊఁ కొట్టవేమే అంటుంది. నేను ఊఁ కొడితేనే తర్వాతి ముక్క వస్తుంది. నా నోట్‌బుక్‌లో ఆ ఊఁ లేదు. ఒకే పేరు నాలుగుసార్లు వస్తే మూడుసార్లు కొట్టేశాను, ఏరు దాటే చోట ఆమె గొంతు తగ్గించడాన్ని ఏ అక్షరంతోనూ పట్టుకోలేకపోయాను. సంగతులన్నీ ఉన్నాయి, అవ్వ లేదు. కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాశారు, మనవాళ్లు వలస వచ్చిన కథను గోపల్ల గ్రామం అనే నవలగా తెచ్చారు. పల్లె నోటి మాటను అచ్చులోకి తేవడం ఆయనకు చేతనైంది. ఎలా చేశారో ఇప్పుడు కొంచెం వేరే కళ్లతో చదువుతున్నాను.

1963లో మెక్లూహన్ కోసమే టొరంటో యూనివర్సిటీ ఒక కేంద్రం పెట్టింది. తర్వాత దానికి గుర్రపుబండ్లు పెట్టుకునే పాత కొట్టం ఒకటి ఇచ్చారు. సోమవారం సాయంత్రాలు అక్కడ క్లాసు జరిగేది, విద్యార్థులు, బయటివాళ్లు, ఎవరెవరో వచ్చి కూర్చునేవారు. 1964లో అండర్‌స్టాండింగ్ మీడియా వచ్చింది. అమెరికాలో విద్యాప్రసారాల సంఘం ఒకటి స్కూలు పిల్లలకు మీడియా పాఠం తయారుచేసి పెట్టమని అడిగితే, దానికి రాసిన రిపోర్టు పెరిగి పెరిగి ఈ పుస్తకమైంది. అందులో కరెంటు బల్బు గురించి ఒక ఉదాహరణ ఉంది. బల్బు ఏ వార్తా చెప్పదు, ఏ కథా చెప్పదు. కానీ అది వచ్చాక రాత్రి రాత్రిలా లేదు, రాత్రిపూట ఆపరేషన్లు, ఆటలు, షిఫ్టులు అన్నీ వచ్చాయి. లోపల ఏముందని వెతికేవాడికి బల్బు కనిపించదు అని ఆయన బాధ.

ఆ పుస్తకంతో పేరు ఒక్కసారిగా పెరిగిపోయింది. పత్రికల ముఖచిత్రాలు, టీవీ ఇంటర్వ్యూలు, పెద్ద కంపెనీల అధికారుల ముందు ఉపన్యాసాలు. 1967లో బొమ్మలతో వచ్చిన చిన్న పుస్తకం పేరులో మెసేజ్ ఉండాల్సిన చోట మసాజ్ అని పడింది. అచ్చుతప్పు పడితే చూసి, ఇదే బాగుంది ఉంచేయమన్నారని వాళ్ల అబ్బాయి చెప్పిన కథ. అచ్చుతప్పుకు మార్కులు పోగొట్టుకునే మనలాంటివాళ్లకు ఎంత ఊరటో చూడండి.

అందరూ మెచ్చుకోలేదు. తోటి లెక్చరర్లలో చాలామందికి ఆయన రాత గందరగోళంగా తోచింది. ఇంగ్లండులో రేమండ్ విలియమ్స్ 1974లో రాసిన టెలివిజన్ పుస్తకంలో గట్టిగా ఎదుర్కొన్నారు. యంత్రమే సమాజాన్ని మార్చేస్తుందంటే, ఆ యంత్రాన్ని ఎవరు, ఎందుకు, ఎవరి డబ్బుతో పెట్టారనే ప్రశ్న మరుగున పడిపోతుందని ఆయన అభ్యంతరం. ఈ చోట నేను విలియమ్స్ వైపే. టీవీ వల్ల మా అవ్వ తెలుగు తగ్గిందనడం తేలిక. ఏ భాషలో సీరియల్ తీస్తే ఎవరికి లాభమో ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు కదా, వాళ్లు మెక్లూహన్ పుస్తకంలో ఎక్కడా పెద్దగా కనిపించరు. ఇంకో విచిత్రం, టీవీ యుగం వచ్చిందని చాటిన మనిషికి టీవీ అంటే ఇష్టం లేదు. పుస్తకాల మనిషి. కొన్ని పుస్తకాల్లో కుడివైపు పేజీలు మాత్రమే చదివేవారని చెప్పుకుంటారు, ఎడమవైపుది ఊహించుకోవచ్చట. పరీక్ష ముందురోజు ఆ పద్ధతి నేనూ ప్రయత్నించాను, మీరు వద్దు.

1967లో న్యూయార్క్‌లో ఫోర్డమ్ యూనివర్సిటీకి ఒక ఏడాది వెళ్లారు. అక్కడ ఉండగానే మెదడులో గడ్డ ఉందని తేలింది. నవంబరులో గంటల తరబడి ఆపరేషన్ జరిగింది. బతికారు. కానీ చదివిన పుస్తకాలు కొన్ని తుడిచిపెట్టుకుపోయాయి, వాటిని మళ్లీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది. చిన్న చప్పుడు కూడా భరించలేకపోయేవారు. టొరంటోకు తిరిగి వచ్చి సోమవారం క్లాసులు మళ్లీ మొదలుపెట్టారు. డెబ్బైలలో జనం మెల్లగా మర్చిపోసాగారు. 1977లో వుడీ అలెన్ తీసిన ఆనీ హాల్ సినిమాలో ఆయన ఆయనలాగే కాసేపు కనిపిస్తారు. సినిమా క్యూలో ఒక ప్రొఫెసర్ మెక్లూహన్ గురించి గొప్పగా దంచుతుంటే, అసలు మెక్లూహన్ పక్కనుంచి వచ్చి నీకేమీ తెలియదని తేల్చేస్తారు. ఆయన మాట్లాడుతూ కనిపించే ఆ నిమిషం ఇంకా మనకు దొరుకుతుంది.

రెండేళ్లకే, 1979 సెప్టెంబరులో, పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కాదు, మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది తెలిసేది, తనకు చెప్పాలని ఉండేది, నోట్లోంచి ఒకటి రెండు మాటలు తప్ప వచ్చేవి కావు. చదవడం, రాయడం కూడా పోయాయి. ఎక్కువగా నోటితో చెబుతూ పక్కవాళ్ల చేత రాయిస్తూ పనిచేసిన మనిషి, ఎల్సీ కొడుకు. ఇక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేసి కాసేపు కారిడార్‌లో నడిచాను. మరుసటి ఏడాది యూనివర్సిటీ ఆయన కేంద్రాన్ని మూసేయాలని నిర్ణయించింది. వద్దని చాలాచోట్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి, వుడీ అలెన్ కూడా రాశారు. అయినా అప్పటికి మూసేశారు. మళ్లీ తెరిచింది ఆయన పోయాకే.

1980 డిసెంబరు 31న, నిద్రలోనే పోయారు. వయసు 69. పెద్దకొడుకు ఎరిక్ తండ్రితో కలిసి మొదలుపెట్టిన పుస్తకాన్ని పూర్తి చేసి 1988లో తెచ్చారు. అందులో ఏ కొత్త వస్తువు వచ్చినా అడగాల్సిన నాలుగు ప్రశ్నలున్నాయి. ఇది దేన్ని పెంచుతుంది, దేన్ని మూలన పడేస్తుంది, ఎప్పుడో పోయినదాన్ని దేన్ని తిరిగి తెస్తుంది, హద్దు దాటితే దేనిగా తిరగబడుతుంది. మా ఇంట్లో వాట్సాప్ వాయిస్ మెసేజీల గురించి ఈ నాలుగూ అడిగి చూశాను. మూడో ప్రశ్నకు జవాబు వెంటనే వచ్చింది. కోవిల్‌పట్టిలో ఉన్న అవ్వ చెల్లెలికి తెలుగు అక్షరం రాదు, టైపు చేయడం రాదు. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదికి ఇద్దరూ మెసేజీలు పంపుకుంటారు, మధ్యలో ఊఁ అని ఒక్క మెసేజీ కూడా వస్తుంది.

ఏరు కథను మళ్లీ రాస్తున్నాను. ఈసారి కొట్టేసిన పేర్లన్నీ తిరిగి పెట్టాను. ఈ వ్యాసం మాత్రం బోర్డు మీద అంటించే ముందురోజు అవ్వకు చదివి వినిపించాను. మాట పోయిన చోట ఆపమంది. ఆయన భార్య పేరు ఏమన్నావే, మళ్లీ చెప్పు అంది. కొరిన్ అని చెప్పాను.